ఊతపదాలు

వెళ్తున్నారు, అని రాసి ఉంది ఫోనులో. దాని పక్కనే, కంగారు పడవద్దన్నారు. అంతే. పైన చిన్న గుండ్రంలో కూతురి ఫోటో. పోయినేడు తీసింది. ముందుపన్ను మీదికి ఇంకో పన్ను ఎక్కి ఉంటుంది, దాన్ని దాచుకోవాలని పెదాలు బిగించి మరీ నవ్వింది. ఆఫీసు బస్సు వంతెన సగం ఎక్కి నిలబడిపోయింది. ముందెక్కడో లారీ అడ్డం తిరిగిందట, డ్రైవరు ఇంజను ఆపేసి, తలుపు తెరుచుకుని, మెట్టు మీద కూర్చుని చెవిలో పుల్ల తిప్పుకుంటున్నాడు, ఈ లోకంలో ఎవరికీ ఏ తొందరా లేనట్టు. ఆమె కిటికీ పక్కన కూర్చుని ఆ రెండు ముక్కలూ మళ్ళీ చదివింది. ఎన్నిసార్లు చదివినా అవి రెండే. వెళ్తున్నారు. ఎవరు? ఈ 'రు' ఎవరికి? ఇంట్లో అందరూ పిచ్చుక అని పిలిచే పిల్లకి, ఇప్పటికీ తడి తువ్వాలు మంచం మీదే పడేసే పిల్లకి, నిన్న సాయంత్రం కూడా దువ్వెన లాక్కుని జుట్టు పీకేశావని పోట్లాడిన పిల్లకి ఈ మర్యాద ఏమిటి? ఆ మర్యాద పెట్టింది తనే. ఎవరు పెద్దో ఎవరు చిన్నో ఈ మెసేజులు రాసే యంత్రానికి తెలీదు, అందరినీ 'రు' అనేద్దాం, ఎవరి మనసూ నొచ్చుకోదు అని మీటింగులో చెప్పి శభాష్ అనిపించుకుంది. ఇప్పుడా 'రు' తన పిల్లని ఎత్తుకుపోయి ఎక్కడో పరాయివాళ్ళ మధ్య కూర్చోబెట్టినట్టుంది. పేపర్లో ఫోటోల కింద ఉంటుంది అలాంటి 'రు'. ఛ, ఏం ఆలోచన ఇది, ఎక్కణ్ణుంచి వస్తాయి ఇలాంటివి బుర్రలోకి.

ఆమె పనిచేసే కంపెనీ చేసేది చిన్న పని, చెబితే ఎవరికైనా అర్థమయ్యే పని. జనం ఒకరికొకరు గొంతుతో మెసేజీలు పంపుకుంటారు. వినే తీరిక ఎవరికీ లేదు. కాబట్టి యంత్రం విని, అందులోని సారం పిండి, ఒక్క లైనులో రాసి పెడుతుంది. మీ అన్నయ్య పెళ్ళికి రమ్మంటున్నారు. మీ ఇంటి ఓనరు నీళ్ళు రావంటున్నారు. తెలుగు విని తెలుగులో రాసే భాగం ఆమెది. ఇంకా బయటికి రాలేదు, ముందు మన ఇళ్ళలో వాడి చూద్దామని కంపెనీలో అందరి ఫోన్లలో, ఇంట్లోవాళ్ళ ఫోన్లలో ఎక్కించారు. పిచ్చుక ఫోన్లో ఎక్కించింది కూడా తనే. అప్పుడది, "అంటే నేను పావుగంట వాగితే నువ్వు ఒక ముక్క చదువుతావన్నమాట" అంది. "పావుగంట వాగకు మరి" అంది తను. ఇద్దరూ నవ్వారు. నవ్వారా? పిల్ల నవ్విందా? గుర్తు తెచ్చుకోవాలని చూస్తే మొహం కనపడదు, వంటింటి గట్టు మీద ఊగుతున్న కాళ్ళు కనపడతాయి.

పొద్దున వచ్చిన మెసేజు అది. ఆమె మీటింగు గదిలో ఉంది, ఫోన్లు బయట బుట్టలో పెట్టి రావాలి, అది స్లైడుబాబు నియమం. స్లైడుబాబు అంటే వాళ్ళ మేనేజరు, ఏం చెప్పినా గోడ మీద బొమ్మ వేసి గానీ చెప్పడు, ఆకలేస్తోందని చెప్పడానికైనా ఒక స్లైడు చేస్తాడని అందరూ నవ్వుకుంటారు. బయటికొచ్చి చూసేసరికి మధ్యాహ్నం దాటింది. చూడగానే ఫోన్ చేసింది. స్విచ్ ఆఫ్. మళ్ళీ చేసింది. స్కూలుకి చేస్తే క్లాసు టీచరు లైన్లోకి వచ్చి, "ఈరోజు రాలేదండీ, ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాం, మీరు పంపారా?" అని ఎదురడిగింది. కింది పోర్షన్‌లో ఉండే టైలరమ్మకి చేస్తే, ఆవిడ పాపం కుట్టేది వదిలేసి పైకెళ్ళి, తలుపు కొట్టి, బెల్లు కొట్టి, "అలికిడి లేదమ్మా, చెప్పులు కూడా బయట లేవు" అంది. భర్తకి చేస్తే ఆస్పత్రిలో నర్సు ఎత్తింది. "సార్ లోపలున్నారండి, పెద్ద కేసు. ఏమన్నా చెప్పాలా?" ఏం చెప్పాలి? ఆయన మత్తు డాక్టరు. తలుపులు మూసిన గదిలో ఎవరి ఊపిరో చేత్తో పట్టుకుని కూర్చుని ఉంటాడు. మీ కూతురు వెళ్తున్నారట, కంగారు పడవద్దన్నారట, అని నర్సుతో చెప్పించాలా? "బయటికి రాగానే ఫోన్ చేయమనండి" అంది. గొంతు మామూలుగానే వచ్చింది. అదే ఆశ్చర్యం, గొంతు మామూలుగా వస్తూనే ఉంది, మధ్యాహ్నం షిఫ్టువాళ్ళ బస్సు ఎక్కుతూ డ్రైవరుతో, "ఇవాళ ముందే వెళ్తున్నానండి" అని కూడా అంది, ఆ మాట నోట్లోంచి ఊడిపడగానే చెయ్యి దానంతటదే నోటి మీదికి పోయింది.

ఎందుకంటే వెళ్తాను అనకూడదు. పెద్దమ్మ అననిచ్చేది కాదు. అమ్మ పోయాక తనను పెంచింది పెద్దమ్మే. గడప దాటుతూ ఎవరైనా పొరపాటున "వెళ్తానండీ" అంటే, వాళ్ళు వీధి మలుపులో ఉన్నా సరే, గేటు దాకా పరిగెత్తి వెనక్కి పిలిచి, "వస్తానను" అని అనిపించుకుని మరీ పంపేది. గ్యాసు బండ తెచ్చేవాడు సైతం వీధిలోంచి తిరిగొచ్చి, "వస్తానమ్మా, వస్తాను, మళ్ళీ నెల వస్తాను, చాలా?" అని దండం పెట్టి పోయేవాడు. వెళ్ళేవాళ్ళు వస్తానంటారు. ఫోన్ పెట్టేసేవాళ్ళు ఉంటానంటారు. డబ్బాలో బియ్యం అయిపోతే నిండుకున్నాయంటారు. దీపం ఆరితే కొండెక్కిందంటారు. చిన్నప్పుడు అవన్నీ వింతగా అనిపించలేదు. ఆకలేస్తే అన్నమన్నంత మామూలు మాటలు. వింతని తెలిసింది యంత్రానికి నేర్పాల్సి వచ్చినప్పుడే. ఒకరోజు టెస్టింగ్ చేసే పిల్ల, కొత్తగా చేరింది, పొట్ట పట్టుకుని నవ్వుతూ ఆమె సీటు దగ్గరికి వచ్చింది. "అక్కా, చచ్చాం. మా అత్తయ్య బియ్యం నిండుకున్నాయి తెమ్మని మెసేజ్ పెడితే, బియ్యం నిండుగా ఉన్నాయని రాసింది మనది. మావయ్య ఖాళీ చేతుల్తో ఇంటికెళ్ళాడు. అక్కడ యుద్ధం." ఆ మర్నాడు ఇంకోటి. ఎవరో చుట్టం, కబుర్లన్నీ చెప్పి, సరే వస్తానమ్మా అని ముగిస్తే, మీ చుట్టం వస్తున్నారు అని రాసిందట. వాళ్ళు వంట చేసుకుని కూర్చున్నారట. ఇంకొకాయన మరి ఉంటాను అంటే, ఆయన మీ ఇంట్లో ఉంటారట అని రాసింది. టీ గదిలో నవ్వలేక చచ్చారు అందరూ. స్లైడుబాబు మాత్రం నవ్వలేదు, ఇది సమస్య, దీన్ని సరిచేయండి అన్నాడు.

సరిచేసింది. ఏం పెద్ద పని, ఒక మధ్యాహ్నం పని. మెసేజు చివర వస్తాను, వెళ్ళొస్తాను, ఉంటాను, ఇంక ఉంటా, ఏది వచ్చినా సరే, మనిషి సెలవు తీసుకుంటున్నట్టే. అన్నిటికీ ఒకే మాట రాయి: వెళ్తున్నారు. దానికి ముందే ఇంకో పని జరిగిపోతుంది, అదీ తను పెట్టిందే. మాటల మధ్య దొర్లే లే, గా, మరి, అబ్బ, అదే, ఏంటంటే, వీటన్నిటికీ ఊతపదాలని పేరు పెట్టి, యంత్రం చెవిన పడగానే ఊడ్చి పారేయమని చెప్పింది. బియ్యంలో రాళ్ళు ఏరినట్టు. స్లైడుబాబు గోడ మీద బొమ్మ వేసి చూపించాడు, ఊతపదాలు తీసేశాక మెసేజు ఎంత చిన్నదైందో, ఎంత తొందరగా పని అవుతోందో. "వీటి బరువు సున్నా" అన్నాడు. అందరూ తలూపారు. ఆమె కూడా తలూపింది. అంతే కదా మరి అని కూడా అంది, ఆ 'మరి' బరువు ఎంతో ఆ పూట ఎవరూ తూచలేదు. ఇప్పుడు ఈ వంతెన మీద, ఎండకి కాగిన కిటికీ చువ్వకి నుదురు ఆనించి, ఆమె ఆ చెత్తబుట్టలో చేతులు పెట్టి కెలుకుతోంది. పిచ్చుక ఏమన్నది? వస్తా అన్నదా? వస్తా అంటే ఏం లేదు, ఏ స్నేహితురాలి ఇంటికో వెళ్ళింది, వస్తుంది. ఉంటా అన్నదా? అంటే ఊరికే ఫోన్ పెట్టేయడం. వెళ్తా అన్నదా? లేక ఆ మాటని ఇంకొంచెం సాగదీసి, చివర ఇంకోటి తగిలించి, వెళ్ళిపో... వద్దు. ఒక్కొక్కటీ కూతురి గొంతులో పలికి చూసుకుంది. అన్నీ ఆ గొంతుకి సరిపోయాయి. అదే భయం. ఏది వేసినా సరిపోతోంది. పూర్వంవాళ్ళు ఎందుకు కల్పించుకున్నారో అప్పుడు తెలిసింది ఆమెకి ఈ తిరగేసిన మాటలన్నీ. భయానికి. పోతానంటే నిజంగా పోతారేమోనని, 'లేదు' అంటే నిజంగా లేకుండా పోతుందేమోనని, నోటితో అనడానికి జంకి జంకి, తరాలకి తరాలు కూర్చుని వెనక్కి తిప్పి అల్లుకున్న మాటలు. తనొచ్చి ఒక్క మధ్యాహ్నంలో ఆ అల్లికంతా విప్పి, ఇస్త్రీ చేసి, తిన్నగా పరిచింది. వెళ్తున్నారు. పెద్దమ్మ ఉంటే గేటు దాకా పరిగెత్తేది. ఎవర్ని వెనక్కి పిలిచేది?

వినొచ్చు కదా అసలు గొంతు. ఎవరైనా అంటారు ఆ మాట, పక్క సీట్లో పడుకుని నిద్రపోతున్న ఆ అకౌంట్సు ఆయన్ని లేపి చెబితే ఆయనా అదే అంటాడు, మెసేజు తెరిచి వినండి మేడమ్ అని. లేదు. గొంతు లేదు. యంత్రం లైను రాయగానే గొంతు చెరిగిపోతుంది, ఫోన్లోనూ ఉండదు, కంపెనీలోనూ ఉండదు. దానికోసం పోట్లాడింది కూడా తనే. ఆ రోజుల్లో గొంతులు దొంగిలిస్తున్నారని ఎక్కడ చూసినా వార్తలు. ఎక్కడో ఒక ముసలాయనకి మనవడి గొంతుతో ఫోన్ వచ్చిందట, తాతా నన్ను పట్టుకున్నారు అని ఏడ్చిందట ఆ గొంతు. నిజం మనవడు ఆ పూట మేడ మీద గాలిపటం ఎగరేసుకుంటున్నాడు. ఆ వార్త చదివిన రాత్రి ఆమెకి నిద్ర పట్టలేదు, పిచ్చుక గదిలోకి వెళ్ళి నిద్రలో దాని ఊపిరి వింటూ నిలబడింది. మర్నాడు మీటింగులో, మనుషుల గొంతులు మన దగ్గర ఉండకూడదు, ఒక్క క్షణం కూడా ఉండకూడదు అంది. ఖర్చు పెరుగుతుందన్నారు, తప్పులు దిద్దుకోవడం ఎలాగన్నారు. ఆమె పట్టు వదల్లేదు. ఆ ఒక్క విషయంలోనే కదా గట్టిగా నిలబడింది ఉద్యోగంలో చేరాక. ఇంటికొచ్చి చెబితే భర్త, "గెలిచావన్నమాట" అని చెయ్యి కలిపాడు. గెలిచింది. ఇప్పుడు ఆ గెలుపుని చేత్తో పట్టుకుని వంతెన మీద కూర్చుంది. నొక్కితే అదే లైను. నొక్కి పట్టుకుంటే అదే లైను. ఫోను వేడెక్కింది, చెమటకి జారుతోంది. దాన్ని చీర కొంగుతో తుడిచి మళ్ళీ చూసింది. ఏం మారుతుంది తుడిస్తే.

పొద్దున అలా అనకుండా ఉండాల్సింది. ఎలా? ఎలా అంది? బాటిల్లో నీళ్ళు పడుతోంది, బస్సుకి ఆలస్యమవుతోంది, పిచ్చుక యూనిఫాం వేసుకునే వచ్చింది గుమ్మంలోకి, ఒక మేజోడు తొడుక్కుంది, ఒకటి చేతిలో ఉంది. "అమ్మా, దాన్ని తీయించగలవా? నువ్వు అలాంటి పనే చేస్తావుగా." దాన్ని అంటే ఆ వీడియోని. స్కూల్లో వక్తృత్వం పోటీ జరిగింది, పిచ్చుక వేదిక ఎక్కింది, నెల రోజులు అద్దం ముందు చేతులు తిప్పుతూ బట్టీ పట్టిన ప్రసంగం, మధ్యలో మాట మర్చిపోయింది. ఇప్పుడు, అంది. ఇప్పుడు. ఇప్పుడు. తర్వాతి మాట రాలేదు. కింద కూర్చున్న పిల్ల ఎవరో ఫోన్లో పట్టింది. ఇంకెవరో దానికి దరువు కలిపారు. ఇప్పుడు, ఇప్పుడు, ఇప్పుడు, ఢం. అదొక సరదా అయింది ఊరికంతా. పెళ్ళికి ఆలస్యమైన పెళ్ళికొడుకు బొమ్మకి ఆ గొంతు, బండి కదలకపోతే ఆ గొంతు, పిల్లి గోడ దూకడానికి తటపటాయిస్తుంటే ఆ గొంతు. ఎవరూ చెడ్డవాళ్ళు కాదు. అదే కదా, తిట్టుకోవడానికి కూడా ఎవరూ దొరకరు. నవ్వొచ్చింది, నవ్వారు, పక్కవాళ్ళకి పంపారు. నవ్వొచ్చేదాన్ని నలుగురికీ చూపించమని యంత్రానికి చెప్పినవాళ్ళు కూడా తనలాంటి వాళ్ళే, ఇంకో కంపెనీలో, ఇంకో టీ గదిలో, ఇంటికెళ్ళి పిల్లల జడలు వేసేవాళ్ళు. "అది మా కంపెనీ కాదు కదమ్మా. అయినా ఒకచోట తీయిస్తే ఇంకోచోట ఉంటుంది. పదిరోజుల్లో అందరూ మర్చిపోతారు" అంది తను, బాటిల్ మూత తిప్పుతూ. అబద్ధం కాదు. ఆ పిల్ల మేజోడు చేతిలో పట్టుకుని కాసేపు నిలబడింది. "సరేలే" అంది. ఇంకేమన్నా అందా? అనలేదు. ఆ 'సరేలే' ని అప్పుడు విననే లేదు, చెవిలో పడింది అంతే. ఇప్పుడు వినపడుతోంది. ఎంత నెమ్మదిగా అంది. తలుపు మూసుకున్నాక పక్కింటివాళ్ళ గడియ పడినట్టు, అంత నెమ్మదిగా.

ఎక్కడికి వెళ్తుంది? డబ్బులు పెద్దగా ఉండవు దాని దగ్గర. బస్టాండు. స్టేషను. వెళ్ళేవాళ్ళు వెళ్ళే చోట్లు అవే కదా. ఫోన్ తెరిస్తే చాలు, ఈ వారం రోజులుగా అవే వార్తలు కనిపిస్తున్నాయి ఆమెకి. ఒకసారి, ఒక్కసారే, ఎవరో పిల్ల స్కూలు నుంచి ఇంటికి రాలేదన్న వార్త నొక్కి చదివింది, అప్పట్నుంచి ఫోను, నీకు ఇలాంటివి ఇష్టమేమో అన్నట్టు, రోజూ నాలుగు తెచ్చి ముందు పెడుతోంది. ఇంకో ఊరి పిల్ల. ఇంకో దేశం పిల్ల. యూనిఫాంలో, రెండు జడలతో, పెదాలు బిగించి నవ్వుతూ. ఎందుకు తెస్తుందో ఆమెకి తెలుసు, లెక్క ఎలా వేస్తుందో తెలుసు, తెలిసినా ఏం లాభం, పాము ఎలా పాకుతుందో తెలిసినంత మాత్రాన కాలు వణక్కుండా ఉంటుందా. స్టేషను కాదు. పిచ్చుకకి రైలంటే చిన్నప్పట్నుంచీ భయం, ప్లాట్‌ఫారం మీద ఎప్పుడూ గోడకి ఆనుకునే నిలబడుతుంది. నీళ్ళంటే? నీళ్ళంటే భయం లేదు. ఈత వచ్చు. ఆమె వంతెన కిందికి చూడలేదు. కిటికీ పక్కన కూర్చుని కూడా, ఎక్కినప్పట్నుంచీ, ఒక్కసారి కూడా కిందికి చూడలేదని అప్పుడు గమనించుకుంది. కింద నది ఉంది. ఎండలో మెరుస్తూ ఉండి ఉంటుంది. చూడను. చూడకపోతే లేదు.

ఇప్పుడు, అంది పిచ్చుక.

ఇప్పుడు, అంది మళ్ళీ, వెనకనుంచి, దగ్గరగా, ఆ గొంతే, చివర కొంచెం పైకి లేచి గాలిలో నిలబడిపోయే ఆ గొంతు. ఆమె గబుక్కున వెనక్కి తిరిగింది, నోట్లో పిలుపు కూడా తయారైంది. ఇప్పుడు, ఢం. రెండు సీట్ల వెనక డిజైనింగులో పనిచేసే ఇద్దరు ఒకే ఫోనులోకి వంగి ఉన్నారు. ఒకతను భుజాలు అదిరేలా నవ్వుతూ, "చూడరా, లారీకి పెట్టారప్పుడే. మన లారీయే. ముందు బస్సులో ఎవడో తీసుంటాడు" అన్నాడు. రెండోవాడు కళ్ళు తుడుచుకుని, ఆమె తమ వైపే చూస్తోందని గమనించి, ఫోను ఇటు తిప్పి చూపించాడు మర్యాదగా, ఆవిడకి మాత్రం ఎందుకు దక్కకూడదు ఈ నవ్వు అన్నట్టు. తెర మీద అడ్డం తిరిగిన లారీ, వెనక్కి పోదామా ముందుకి పోదామా అని ఊగుతున్న లారీ, దాని మీద తన కూతురి గొంతు. "భలే ఉంది కదా మేడమ్" అన్నాడు. తనకి కావలసిన చోట లేని గొంతు, ఈ ఊళ్ళో ప్రతివాడి జేబులోనూ ఉంది. నొక్కితే పలుకుతుంది. ఎవరు నొక్కినా పలుకుతుంది. "ఇంకోసారి పెట్టండి" అంది ఆమె. ఎందుకందో తెలీదు. వాడు సంతోషంగా పెట్టాడు. ఇప్పుడు. ఇప్పుడు. ఇప్పుడు. ఆమె కళ్ళు మూసుకుని వింది. దరువు కింద, జనం నవ్వుల కింద, మూడో 'ఇప్పుడు' తర్వాత, దరువు వేసినవాడు కత్తిరించడం మర్చిపోయిన చిన్న చప్పుడు ఒకటి ఉంది. ఊపిరి లోపలికి పీల్చిన చప్పుడు. ఏడుపు ఆపుకునేవాళ్ళు పీల్చే ఊపిరి. ఊరంతా విని నవ్విన దాంట్లో అది ఉంది. తను కూడా ఎన్నోసార్లు చూసింది ఆ వీడియో, ఎలా తీయించాలా అని చూసింది, ఎవరు పెట్టారా అని చూసింది, ఎంతమంది చూశారో చూసింది. వినలేదు.

ఆమె లేచి నిలబడింది. సంచి తీసుకుని మనుషుల మోకాళ్ళు తప్పించుకుంటూ ముందుకొచ్చి, "దిగుతానండి" అంది డ్రైవరుతో. "ఇక్కడ దిగకూడదు మేడమ్, రూలు" అన్నాడతను, పుల్ల తీయకుండా. ఆమె అతని పక్కనుంచే మెట్టు దిగిపోయింది. వెనక అతనేదో అంటున్నాడు. వంతెన అంచున నడవడానికి సన్నటి గట్టు ఉంది. ఒకవైపు ఆగిన బండ్లు, హారన్లు, తలుపులు తెరుచుకుని సిగరెట్లు కాలుస్తున్న మనుషులు, ఇంకోవైపు కమ్మీలు. కమ్మీల వైపు చూడకుండా, బండ్ల కిటికీలు మాత్రమే చూస్తూ నడిచింది. ఒక్కో కిటికీలో ఒక్కో మనిషి, తల వంచుకుని, మొహం మీద నీలంగా వెలుతురు. వీళ్ళలో ఎవరి ఫోన్లోనైనా పలుకుతూ ఉండొచ్చు. దేవుడా ఆ పిల్ల ఎక్కడున్నా ఎవరూ దాని పక్కన కూర్చుని అది పెట్టకుండా ఉండాలి, అనుకుంది, దేవుణ్ణి అడగాల్సింది ఇదా, పిల్ల క్షేమంగా ఉండాలని కదా అడగాలి, ముందు అది అడగాలి. అడగలేదు. అడిగితే క్షేమంగా లేకపోవడం కూడా కుదురుతుందని ఒప్పుకున్నట్టవుతుంది. వంతెన దిగి ఆటో ఎక్కింది. ఆటోవాడు ఎక్కడికని అడిగితే "ఇంటికి" అంది. వాడు అద్దంలోంచి జాలిగా చూసి, "అడ్రసు చెప్పమ్మా" అన్నాడు.

మెట్లెక్కుతుంటే టైలరమ్మ మిషను మీదనుంచి తల ఎత్తి, "వచ్చిందా అమ్మా?" అంది. ఆమె ఆగకుండా పైకెక్కింది. సంచిలోంచి తాళంచెవి వెతికి పట్టుకుంది. తలుపు తీసింది. చెప్పులు లోపల ఉన్నాయి. గుమ్మం లోపల, గోడవారగా, ఒకదాని పక్కన ఒకటి, ఎప్పుడూ లేనంత బుద్ధిగా పెట్టి ఉన్నాయి. ఆ బుద్ధి చూసి ఆమె సంచి అక్కడే వదిలేసింది. హాల్లో లేదు. దాని గదిలో లేదు. బాత్రూమ్ తలుపు తెరిచే ఉంది. తమ గదిలోకి వెళ్ళింది. మంచానికి అవతల, కిటికీకి మంచానికి మధ్య ఉన్న ఇరుకులో, నేల మీద, యూనిఫాంలోనే, ఒక కాలికి మేజోడు, ఒక కాలు ఉత్తిది, చెవుల మీద వాళ్ళ నాన్న పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టుకుని పిచ్చుక కూర్చుని ఉంది. తల్లిని చూసి ఒక చెవి మీద నుంచి ఎత్తి, "అప్పుడే వచ్చేశావేంటి?" అంది.

ఆమె మంచం మీద కూర్చుంది. కూర్చోవాలని కూర్చోలేదు, మంచం అక్కడ ఉంది కాబట్టి సరిపోయింది. తిట్టాలనుంది. కావలించుకోవాలనుంది. "బెల్లు వినపడలేదా?" అంది.

"లేదు."

"ఏం వింటున్నావు అంత గట్టిగా?"

"ఏం లేదు. ఊరికే. ఇవి పెట్టుకుంటే ఏమీ వినపడవు కదా, అందుకని."

"ఫోన్ ఎందుకు ఆపేశావు?"

"అందరూ అదే పంపుతున్నారమ్మా." మోకాలి మీద ఎండిపోయిన చెక్కు గోటితో గిల్లుతోంది. "నీకు మెసేజ్ పెట్టాకే ఆపేశాను. చూసుకోలేదా?"

"చూశాను. వినలేదు. ఏమన్నావు అందులో? అన్నది అన్నట్టు చెప్పు."

పిల్ల సిగ్గుపడింది. మొదటిసారి ఆ మొహంలో రంగు వచ్చింది. "ఏముంది. స్కూలుకి వెళ్ళలేదు, కంగారు పడకు, ఉంటాలే, అన్నా."

ఉంటాలే. ఆమె ఊపిరి వదిలింది. ఇంతే కదా. స్కూలుకి వెళ్ళలేదు అన్నదాన్ని కూడా మింగేసి, 'లే' ని ఊడ్చి పారేసి, 'ఉంటా' ని 'వెళ్తున్నారు' చేసింది తన యంత్రం. ఇంట్లో ఉంటానన్న పిల్లని వంతెనలన్నిటి మీదా నిలబెట్టింది. నవ్వొచ్చింది ఆమెకి, టీ గదిలో అందరికీ చెప్పి నవ్వాల్సిన తప్పు, టెస్టింగ్ పిల్ల పొట్ట పట్టుకుంటుంది. "ఇంట్లోనే ఉంటా అని చెప్పొచ్చు కదే, చంపేశావు" అంటూ కూతురి తల మీద చెయ్యి వేసింది.

పిచ్చుక తలెత్తలేదు. "ఇంట్లో అని కాదు" అంది. మోకాలి చెక్కు మళ్ళీ గిల్లుతూ, "సరే, ఇంట్లోనే అనుకో."

ఆమె చెయ్యి ఆ తల మీదే ఆగిపోయింది. జుట్టు కింద వేడిగా ఉంది. ఉంటాలే. ఊరికే కూర్చున్నవాళ్ళు ఉంటామంటారు. ఉంటాలే అనరు. 'లే' తగిలించాలంటే ఎవరో అడిగి ఉండాలి, ఒకసారి కాదు, విసిగించేలా అడిగి ఉండాలి, ఉంటావా ఉండవా అని. అప్పుడే వస్తుంది ఆ మాట, ఇంక ఆపు, ఉంటాలే, అని. పొద్దున ఎవరడిగారు? తను అడగలేదు. తను బాటిల్ మూత తిప్పుతోంది. ఈ ఇంట్లో ఈ పూటంతా ఇంకెవరూ లేరు, ఆ పిల్ల తప్ప. మెల్లగా మంచం మీంచి జారి, ఆ ఇరుకులో, కూతురి పక్కన నేల మీద కూర్చుంది. పట్టలేదు, మోకాళ్ళు మంచం కోడుకి గుచ్చుకున్నాయి. పిల్ల కొంచెం జరిగింది. నేల చల్లగా ఉంది. పైన కిటికీ రెక్కలు రెండూ బార్లా తెరిచి ఉన్నాయి, ఎప్పుడూ దుమ్మని మూసే ఉంచే కిటికీ, కింద రోడ్డు మీద ఎవరో ఎవరినో పిలుస్తున్నారు.

"ఎవరడిగారే నిన్ను?" అంది ఆమె.

ఏంటమ్మా, ఏం అడగడం, ఏమంటున్నావు, అనాలి పిల్ల. కనుబొమలు ముడిచి, పిచ్చిదాన్ని చూసినట్టు చూడాలి. ఆమె ఆ చూపు కోసం కళ్ళార్పకుండా చూసింది. పిచ్చుక అలా చూడలేదు. అర్థమైన మొహంతో, అలిసిపోయిన మొహంతో చూసి, తల దించుకుని, హెడ్‌ఫోన్ల తీగ వేలికి చుట్టుకుంది. ఆమె చెయ్యి చాపి, మేజోడు లేని ఆ కాలు మడమ దగ్గర గట్టిగా పట్టుకుంది. నొప్పి పుట్టి ఉంటుంది, పిల్ల లాక్కోలేదు. ఆమె వదల్లేదు.